చలిలో జంతువులు: ఈ నెల పాఠం గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

ఒకటి, రెండు తరగతుల్లో ఈ నెల చలి ప్రదేశాల జంతువుల పాఠం నడుస్తోంది. మీ పిల్లలు ఇంటికొచ్చి ఐసు నీళ్లూ వనస్పతీ అడిగితే కంగారుపడకండి. తరగతిలో వాటితోనే ప్రయోగం చేశాం.

ఒక చేతికి ఖాళీ ప్లాస్టిక్ సంచి తొడిగాం. రెండో చేతికి రెండు సంచులు, వాటి మధ్య మందంగా వనస్పతి. రెండు చేతులూ ఐసు నీళ్లలో ముంచితే ఖాళీ సంచి చెయ్యి అరుపుతో సహా బయటికొచ్చేసింది, రెండోది మాత్రం లోపలే ఉంది. సీల్, తిమింగలం లాంటి వాటికి చర్మం కింద ఉండే కొవ్వు పొర చేసే పని ఇదే. ధ్రువపు ఎలుగుబంటికి ఈ పొర 10 సెంటీమీటర్ల దాకా ఉండొచ్చు.

ఇక్కడే పిల్లలు పొరపడతారు. కొవ్వు వేడి పుట్టిస్తుందనుకుంటారు, స్వెట్టర్ కూడా అంతే అనుకుంటారు. అది ఒంట్లోని వేడిని బయటికి పోకుండా ఆపుతుందంతే. ఈ మాట మనం చెబితే తల ఊపుతారు గానీ నమ్మరు. అందుకే వచ్చే వారం ఒక థర్మామీటర్‌ను స్వెట్టర్‌లో చుట్టి, మరొకటి పక్కనే ఊరికే పెట్టి, రాత్రంతా వదిలేస్తాం. పొద్దున రెండింటి అంకెలూ పిల్లలే చదువుతారు. దయచేసి జవాబు ముందే చెప్పేయకండి!

ఎంపరర్ పెంగ్విన్లు గుంపుగా ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడతాయి. మగ పెంగ్విన్ గుడ్డును పాదాల మీద పెట్టుకుని రెండు నెలలకు పైగా తిండి లేకుండా కాపాడుతుంది. నాన్నలు ఇది గమనించగలరు. ఆర్కిటిక్ నక్క బొచ్చు వేసవిలో గోధుమరంగు, చలికాలంలో తెలుపు. అయితే పిల్లలకు బాగా నచ్చింది ఉత్తర అమెరికాలోని ఒక అడవి కప్ప. చలికాలంలో దాని ఒళ్లు చాలావరకు గడ్డకట్టి గుండె కూడా ఆగిపోతుంది. ఒంట్లో పేరుకున్న గ్లూకోజు కణాలను కాపాడుతుంది. వసంతం రాగానే కరిగి మళ్లీ గెంతుతుంది. "మరి అప్పటిదాకా చచ్చిపోయినట్టా?" అని అడిగితే మీరూ వాళ్లతో కలిసి ఆలోచించండి.

ఇంటి దగ్గర బొమ్మలు వేయించేటప్పుడు ఎలుగుబంటినీ పెంగ్విన్‌నీ ఒకే మంచు మీద నిలబెట్టకండి. ధ్రువపు ఎలుగుబంట్లది ఉత్తరం, ఎంపరర్ పెంగ్విన్లది దక్షిణం.

వచ్చే వారం ప్రయోగానికి పాత స్వెట్టర్ ఒకటి, పేరు రాసిన సంచిలో పెట్టి పంపండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు