2025 వార్షిక నివేదిక: పల్లె బడుల పిల్లలకు మానసిక తోడ్పాటు

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశం ముందు కార్యదర్శి నివేదిక పెట్టాలన్నది మన నిబంధన. నిబంధన లేకపోయినా ఈసారి రాసేవాణ్ణే. ముప్పై ఏళ్లు అయ్యవారిగా పనిచేసి కూడా పట్టించుకోని సంగతులు ఈ ఒక్క ఏడాదిలో కళ్లారా చూశాను.

జనవరిలో రెండు బళ్లతో మొదలుపెట్టాం. జూన్‌లో బడులు తెరిచాక నాలుగయ్యాయి. అన్నీ చిత్తూరు చుట్టుపక్కల మండలాల్లోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలే. ఊర్ల పేర్లు రాయడం లేదు, పిల్లల్ని ఎవరూ గుర్తుపట్టకూడదు. వారానికి ఒకరోజు ఒక్కో బడికి మన కౌన్సెలర్ మేడం వెళ్తారు. సైకాలజీలో ఎం.ఏ. చేసిన ఆమె ఎండకైనా వానకైనా ఆగకుండా ఆర్టీసీ బస్సులోనే తిరిగారు. ముందుగా ఆమెకు సంఘం తరఫున నమస్కారం.

తొలుత ఒక పొరపాటు చేశాం. గది తలుపు మీద ‘కౌన్సెలింగ్ కేంద్రం’ అని పెయింటుతో రాయించాం. మూడు వారాలు ఒక్కరూ గడప తొక్కలేదు. లోపలికెళ్తే తోటివాళ్లు ‘మెంటల్’ అని ఏడిపిస్తారని ఎనిమిదో తరగతి పాప చెబితే గానీ మాకు తట్టలేదు. ఆ రాత చెరిపించాం. మేడం గదిలో కూర్చోవడం మాని, మధ్యాహ్న భోజనం వేళ కానుగ చెట్టు కింద పిల్లలతో కలిసి తినడం మొదలుపెట్టారు. ఆ తర్వాత పిల్లలే వెతుక్కుంటూ వచ్చారు.

జూన్, జులై నెలల్లో పిల్లలు చెప్పుకున్నది చదువు గురించి తక్కువ, మామిడి గురించి ఎక్కువ. తోతాపురి ధర ఎలా పడిపోయిందో మీకు చెప్పక్కర్లేదు. కిలోకు 12 రూపాయలు దక్కాలని, అందులో 4 రూపాయలు తానే ఇస్తానని ప్రభుత్వం ప్రకటించినా గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్ల బారు తగ్గలేదు. నాయన రాత్రంతా ట్రాక్టర్ మీదే కాపు కాస్తుంటే ఇంట్లో పిల్లవాడికి కంటిమీద కునుకెక్కడిది? తరగతిలో కునికే పిల్లల్ని సోమరులని మందలించే ముందు ఇంటి సంగతి అడగడం ఆ బళ్ల ఉపాధ్యాయులు అలవాటు చేసుకున్నారు. ఇది నాకు చాలా తృప్తినిచ్చింది.

ఇక అక్టోబర్ 10, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాటి కార్యక్రమం. అంతకుముందు రెండుసార్లు తల్లిదండ్రుల సమావేశం పెడితే పదిమంది కూడా రాలేదు. ‘మా పిల్లలకేమన్నా పిచ్చా?’ అన్నారు. అప్పుడు మన ఉపాధ్యక్షులు, ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరిగితే పద్దెనిమిది రోజులూ కదలని జనం మనవాళ్లు, హరికథే పెడదాం అన్నారు. పెట్టాం. బడి మైదానం నిండిపోయింది. యుద్ధం మొదలవబోతుండగా అర్జునుడికి నోరెండి, ఒళ్లు వణికి, గాండీవం చేజారే ఘట్టం దాకా చెప్పి దాసుగారు చిడతలు ఆపారు. మేడం మైకు అందుకున్నారు. “పరీక్ష ముందు మీ బిడ్డకు జరిగేదీ ఇదే. అర్జునుడు పిరికివాడు కాదు కదా! గాలి సోకిందని తాయెత్తు కట్టించి ఊరుకోకండి, బద్ధకమని కొట్టకండి. కృష్ణుడు రథం నిలిపి మాట్లాడినట్టు ముందు మీరు బిడ్డ పక్కన కూర్చోండి” అన్నారు. కథ ముగిశాక ఒక అవ్వ మెల్లగా దగ్గరికొచ్చి, “మా మనవడు నెల దినాలుగా అన్నం సరిగ్గా తినడంలేదమ్మా, అదీ ఇదేనా?” అని అడిగింది. రాత్రి పది దాటినా తల్లులు మేడం చుట్టూనే ఉన్నారు.

డాక్టరు చూడాల్సిన పిల్లల్ని తిరుపతి రుయా ఆసుపత్రికో, వేలూరు సీఎంసీ ఆసుపత్రికో పంపాం. వేలూరు దగ్గరే అయినా, సీఎంసీ మానసిక వైద్య విభాగం ఉన్న బాగాయం పేరెత్తితే ఇంట్లోవాళ్లు జంకుతారు. అందుకే మన సభ్యులిద్దరు ప్రతిసారీ తోడు వెళ్లారు. మేడం రాని రోజుల కోసం ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ టెలీ మానస్ నంబర్ 14416 ప్రతి తరగతి గోడ మీదా రాయించాం. ఫోన్ ఉచితం, రాత్రీపగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. నలభై మంది ఉన్న తరగతిలో దాదాపు ముగ్గురన్నమాట. విశాఖలో చనిపోయిన నీట్ విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు ఈ జులై 25న తీర్పు చెబుతూ, వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఒకరైనా ఉండాలంది. మన నాలుగు బళ్లూ ఆ లెక్కలోకి వచ్చేవే. వాటికి కౌన్సెలర్‌ను ఇవ్వమని తీర్పు ప్రతి జతచేసి అధికారులకు అర్జీ ఇచ్చాం. మూడుసార్లు తిరిగాం. సంతకం పెట్టాల్సినవారు ఒకసారి మీటింగులో, ఒకసారి సెలవులో ఉన్నారు. మూడోసారి అర్జీ ఎక్కడుందో వెతకాలన్నారు. పిల్లల విషయంలో ఇంత తాత్సారం తగదు.

కంపెనీలనూ అడిగాం. సామాజిక బాధ్యత నిధి కింద బెంచీలిస్తాం, నీళ్ల ప్లాంటు పెడతాం అన్నారు. మనిషి జీతానికి మాత్రం ఇవ్వమన్నారు. పిల్లవాడు ఒకరిని నమ్మి నోరు విప్పడానికి నెలలు పడుతుంది. వచ్చే మంగళవారం మేడం తప్పక వస్తారన్న ఆ ధీమాకే మనం డబ్బు కడుతున్నాం. దానికి శిలాఫలకం వేయలేం.

బళ్లకు వచ్చి సాయపడతామని ఉగాదినాడు చేతులెత్తిన ఇరవైమందిలో డిసెంబర్ దాకా నిలిచింది ఐదుగురు. కాణిపాకం బ్రహ్మోత్సవాల్లో రోజుల తరబడి సేవ చేసే మనం నెలకు ఒక పూట బడికి ఇవ్వలేమా? బొమ్మలు నేర్పిస్తానన్న సభ్యులొకరు ఒక శనివారం రాలేదు, కబురూ పంపలేదు. పిల్లలు రంగులు ముందు పెట్టుకుని గంటన్నర ఎదురుచూశారు. ఆ రోజు నేను వాళ్లకు ఏం చెప్పాలో తెలియక తల దించుకున్నాను.

జమాఖర్చులు ఆడిటర్ సంతకంతో చివరి పేజీలో ఉన్నాయి. ఖర్చులో ముప్పాతిక వంతు కౌన్సెలర్ గౌరవ వేతనం, ప్రయాణాలే. ఆదాయపు పన్ను మినహాయింపుకు పనికొచ్చే 80జీ రసీదులు దాతలందరికీ అందాయి.

నలుగురు ప్రధానోపాధ్యాయులకు, హరికథ దాసుగారికి, ఆయన పక్కవాద్యాల వారికి, షామియానా అద్దె వద్దన్న అంగడి యజమానికి, ఆ రాత్రి అందరికీ పులిహోర చేసిన వంట అక్కలకు, ఇంటికి దిగబెట్టిన ఆటో తమ్ముళ్లకు, తోడు వెళ్లిన సభ్యులకు కృతజ్ఞతలు.

చేతిలో ఉన్న డబ్బు మార్చి నెల వేతనంతో సరి. పదో తరగతి ఫలితాలు ఏప్రిల్‌లో వస్తాయి, మేడం అవసరం అప్పుడే ఎక్కువ. బకాయి చందాలున్నవారు సమావేశానికి వచ్చేటప్పుడే తీసుకురండి. రసీదు పుస్తకంతో కోశాధికారి వాకిలి పక్కన బల్ల దగ్గర ఉదయం తొమ్మిది నుంచే ఉంటారు.

ఇట్లు,
కార్యదర్శి