ఈ డిసెంబరు మసాలా ప్యాకెట్లో పచ్చ కొమ్మ ఉండదు

అమెరికాలోని మా కస్టమర్లందరికీ నమస్కారం. క్రిస్మస్ సెలవుల్లో స్టవ్ మీద నీళ్లలో మరిగించుకునే సువాసన ప్యాకెట్లకు ఆర్డర్లు మొదలయ్యాయి. ఈసారి అందులో ఫర్ (క్రిస్మస్ చెట్టుగా పెట్టే చెట్లలో ఒకటి) కొమ్మ పెట్టడం లేదు. పచ్చి కొమ్మలోని తడి ఎండిన నారింజ ముక్కలకు పట్టిందంటే ప్యాకెట్ లోపల బూజు వస్తుంది. పోనీ ఎండబెట్టి పెడదామంటే, సగం వాసన ఎండలోనే పోతుంది. ధర పాతదే, కొమ్మకు బదులు 2 నారింజ ముక్కలు ఎక్కువ వేశాం.

లోపల ఉండేవి: 3 అంగుళాల దాల్చిన చెక్కలు 2, లవంగాలు 6, అనాసపువ్వు 1, నారింజ ముక్కలు 5. చెక్క కాసియా రకం, మందంగా ఉంటుంది. సిలోన్ చెక్క వేయమని కొందరు అడుగుతున్నారు. దాని ధర ఎక్కువ, ఘాటు తక్కువ. టీకి బాగుంటుంది గానీ మరిగించి పారబోయడానికి దండగ. లవంగాలు మాత్రం మీరు పెంచకండి. పన్నెండు పడితే ఇల్లంతా పళ్ల డాక్టరు గదిలా ఉంటుంది, లవంగాల్లోనూ, ఆ డాక్టరు వాడే మందుల్లోనూ ఉండేది యూజినాల్ అనే ఘాటు వాసన పదార్థమే కాబట్టి.

కొమ్మ మీరే తెచ్చుకోవాలి. క్రిస్మస్ చెట్లు అమ్మేచోట కత్తిరించి పడేసినవి అడిగితే చాలాసార్లు ఊరికే ఇస్తారు. రంగు గానీ, మంట అంటుకోకుండా వాడే మందు గానీ కొట్టారేమో కనుక్కోండి, కొట్టినవి వద్దు. ఫర్ ఆకు బల్లపరుపుగా ఉంటుంది, వేళ్ల మధ్య దొర్లదు. నలిపితే గుప్పున వాసన రావాలి. ఇంటి ముందు కంచెగా పెంచే యూ మొక్క ఆకు కూడా చూడ్డానికి ఇలాగే ఉంటుంది, కానీ నలిపినా పెద్దగా వాసన రాదు. అది విషం. ఏ చెట్టుదో తేలకపోతే కొమ్మ లేకుండానే కానివ్వండి.

అడుగు మందంగా ఉన్న పాత గిన్నెలో 4 కప్పుల నీళ్లు, ప్యాకెట్ మొత్తం వేసి ఒక పొంగు రానివ్వండి. తర్వాత మంట బాగా తగ్గించండి. 20 నిమిషాలయ్యాక, కడిగిన 4 అంగుళాల కొమ్మ వేయండి. చెట్టు వాసననిచ్చే పైనీన్ త్వరగా ఆవిరవుతుంది. మొదట్లోనే వేస్తే చుట్టాలు వచ్చేసరికి ఉడికిన ఆకు వాసనే మిగులుతుంది. గిన్నెకు జిగురు అంటితే ముందు నూనె గుడ్డతో తుడిచి, ఆపైన సబ్బుతో తోమండి.

అరగంటకోసారి చూసి వేడినీళ్లు ఒక కప్పు కలపండి. నీళ్లు ఇగిరితే నారింజలోని చక్కెర మాడి పొగ అలారం మోగుతుంది. బయటికి వెళ్తున్నా, పడుకుంటున్నా స్టవ్ ఆపేయాల్సిందే. చెక్క బదులు పొడి వేస్తే అడుగంటుతుంది.

చేపల పులుసు వాసన దీనితో పోతుందనుకోకండి, రెండూ కలిసి ఇంకా ఘోరంగా ఉంటుంది. ముందు 15 నిమిషాలు ఎగ్జాస్ట్ వేసి, దాన్ని ఆపాకే గిన్నె పెట్టండి. ఈ నీళ్లు తాగడానికి కాదు. ఇంట్లో పిల్లి, పక్షులు, ఆస్తమా ఉన్నవాళ్లు ఉంటే మా ప్యాకెట్ కొనకపోవడమే మంచిది.

మిగిలింది చల్లార్చి ఫ్రిజ్‌లో పెడితే ఇంకో రెండు రోజులు పనికొస్తుంది, కొమ్మ మాత్రం కొత్తది వేయాలి. నిరుడు కొన్న ప్యాకెట్ ఇంకా ఉంటే నారింజ ముక్కను విరిచి చూడండి: ఫట్‌మంటే వాడుకోవచ్చు, మెత్తగా వంగితే పారేయండి. డిసెంబరు 12 దాటాక వచ్చే ఆర్డర్లు క్రిస్మస్‌కు చేరతాయని మాటివ్వలేం.