అమెరికా నుంచి కుకర్ మోసుకురావద్దు మామా

ఒరేయ్ మామా,

నీ మెసేజ్ చూశాను. రాత్రంతా సన్నని వేడి మీద కూర ఉడికించే నా కరెంటు కుండ, అదే స్లో కుకర్, పోయిందనగానే "పాత స్లో కుకర్ పగిలితే ఏమైందిరా, డిసెంబరులో వస్తున్నాగా, ఇక్కడ సేల్‌లో ఒకటి కొని సూట్‌కేసులో పడేస్తా" అన్నావు. నీది మంచి మనసేరా, కానీ దయచేసి ఆ పని చేయకు. మీ దగ్గర కరెంటు 120 వోల్టులు, మనకు 230. దాన్ని తెచ్చి మన ప్లగ్గులో పెడితే దాదాపు నాలుగింతల పవర్ లాగి, కాసేపటికే మాడి ఊరుకుంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చులే అంటావేమో. కుకరంత బరువుండే డబ్బాను వంటగదిలో పెట్టి, రాత్రంతా దాని గుయ్ మనే మోత వినే ఓపిక నాకు లేదు. సూట్‌కేసులో ఆ చోటు చెల్లెమ్మకు వదిలెయ్.

అసలు పాతది ఎలా పోయిందో చెప్పలేదు కదూ. మా బామ్మర్ది సాయం చేస్తానని వచ్చి, కుకర్ లోపలుండే పింగాణీ గిన్నెను వేడి వేడిగా ఎత్తి తడిగా ఉన్న గ్రానైట్ గట్టు మీద పెట్టాడు. టక్‌మని చిన్న చప్పుడు, అంతే. అప్పుడు ఏమీ కనపడలేదు. మర్నాడు తోమితే, అడుగు నుంచి అంచు దాకా వెంట్రుక మందాన పసుపు గీత. కూరలోని పసుపంతా ఆ పగుల్లోకి దిగింది. గిన్నె ఒక్కటీ విడిగా దొరుకుతుందా అని అడిగితే, షాపువాడు చెప్పిన ధరకు ఇంకాస్త వేస్తే కొత్త కుకరే వస్తుంది.

మా ఆవిడ ఒకటే పాట: "ప్రెషర్ కుకర్ ఉండగా మళ్లీ ఇదెందుకు? పాయా గంటలో అయిపోతుందిగా." అవుతుంది, కాదనను. పప్పు, అన్నం లాంటివి నేనూ ప్రెషర్ కుకర్‌లోనే పెడతా. కందిపప్పు కోసం స్లో కుకర్ కొనేవాడికి దండం పెట్టాలి. కానీ రాత్రి పదింటికి మేక కాళ్లు వేసి, పొద్దున లేచి మూత తీయడం వేరు. విజిల్స్ లెక్కపెట్టక్కర్లేదు, గ్యాస్ వెలుగుతోందన్న టెన్షన్ లేదు. ఎముకల చుట్టూ ఉన్న నరాలూ తోలూ నెమ్మదిగా కరిగి పులుసులోకి దిగుతాయి. మిగిలింది ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి గరిటె నిలబడేంత గట్టిగా పేరుకుంటుంది. చార్మినార్ వైపు తెల్లవారకముందే నహారీ పులుసు తాగడానికి పోయేవాళ్లం గుర్తుందా? అదీ రాత్రంతా దేగ్ అనే పెద్ద గుండిగలో ఉడికిందేగా.

ఈ స్లో కుకర్‌ను కనిపెట్టిన మనిషిదీ అలాంటి కథేరా. షికాగోలో ఇర్వింగ్ నాక్సన్ అని ఒక యూదు ఇంజినీరు. వాళ్లకు శనివారం పొయ్యి ముట్టించకూడదన్న నియమం ఉంది. వాళ్లమ్మ లిథువేనియాలో ఉన్నప్పుడు శుక్రవారం సాయంత్రమే గింజలూ మాంసమూ కుండలో వేసి ఊళ్లో బేకరీ పొయ్యిలో పెట్టి వచ్చేవారట. అది రాత్రంతా ఉడికేది. ఇంట్లో ఆ ముచ్చట వినే ఈయన కరెంటు కుండ తయారుచేశాడు. 1940లో పేటెంటు వచ్చింది. 1970లో రైవల్ అనే కంపెనీ కొనేసి, మరుసటి ఏడాది క్రాక్‌పాట్ పేరుతో అమ్మింది. మా అమ్మకు ఈ కథ చెబితే, "మా ఊళ్లో పిడకల దాలి మీద పాలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎర్రగా కాగేవి, మాకెవడూ పేటెంటు ఇవ్వలేదే" అంది. నిజమే కదా!

సరే, అసలు సంగతికి వస్తా. కొత్తదాని కోసం ముందు బేగంబజార్ వెళ్లా. స్లో కుకర్ అనగానే షాపులో పెద్దాయన రైస్ కుకర్ చూపించాడు. "ఇది స్లోగా ఉడకదు" అంటే, "నీళ్లు ఎక్కువ పోయండి, అదే స్లో అవుతుంది" అన్నాడు. ఆయనతో వాదించలేక ఒక ఇత్తడి గరిటె కొనుక్కుని వచ్చేశా.

తర్వాత ఎలక్ట్రానిక్స్ షాపుల్లో చూసినవాటిలో సగం డిజిటల్‌వే. టైమరు, తెర, బటన్లు, ఎనిమిది గంటలయ్యాక దానంతటదే 'వార్మ్'కు మారడం. చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. కానీ మన అపార్ట్‌మెంట్ల సంగతి తెలుసుగా. కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ పది సెకన్లు చాలు, చాలా డిజిటల్ కుకర్లు సెట్ చేసిందంతా మర్చిపోయి చల్లగా కూర్చుంటాయి. మనం నిద్రలో ఉంటాం. పొద్దున మూత తీస్తే లోపల పచ్చి కాళ్లు. అదే తిప్పే నాబ్ ఉన్నదైతే, కరెంటు రాగానే ఎక్కడ ఆపిందో అక్కడి నుంచి మొదలుపెడుతుంది. అందుకే నా ఓటు నాబ్‌కే. కాకపోతే దానికీ ఒక చిక్కుంది. జనరేటర్ కూడా నడవక నడిరాత్రి గంటల తరబడి కరెంటు లేకపోయినా, వచ్చాక ఏమీ జరగనట్టు ఉడుకుతూ ఉంటుంది, మనకు తెలియదు. గోరువెచ్చగా రెండు గంటలు దాటి ఉన్న మాంసం తినకూడదు. దానికీ ఒక ఉపాయం ఉంది. పొద్దున్నే మైక్రోవేవ్ గడియారం చూస్తా. సున్నాలు కొడుతుంటే కిందికి దిగి, జనరేటర్ అందుకుందో లేదో, ఎంతసేపు కరెంటు లేదో వాచ్‌మన్‌ను అడుగుతా.

సైజు సంగతి త్వరగా తేలిపోయింది. మేం నలుగురం, మూడున్నర లీటర్లు చాలు. సగానికి పైన, మూడింట రెండు వంతుల లోపు నిండితేనే ఇది సరిగ్గా ఉడుకుతుంది. ఆరు లీటర్లది కొని అడుగున కాస్త కూర వేస్తే అంచులన్నీ మాడతాయి. కరెంటు ఖర్చు కూడా భయపడేంత లేదు. 200 వాట్లది ఎనిమిది గంటలు నడిచినా రెండు యూనిట్లు కాలవు. గుండ్రటిదే తీసుకుంటున్నా. కోడిగుడ్డు ఆకారంలో ఉండేవి నిండు కోడి పెట్టుకునేవాళ్లకు.

మల్టీ కుకర్ తీసుకోమని ఆఫీసులో అందరూ చెవినిల్లు కట్టుకుని పోరారు. ప్రెషర్, రైస్, పెరుగు, స్లో, అన్నీ ఒకదాంట్లోనేనట. కానీ వాటిలో వేడి అడుగు నుంచే వస్తుంది, గిన్నె స్టీలుది. స్లో కుకర్‌కైతే కాయిల్ పక్కల చుట్టూ ఉంటుంది, బరువైన పింగాణీ గిన్నె వేడిని పట్టుకుని ఉంటుంది. అన్ని పనులూ వచ్చినవాడికి ఈ ఒక్క పని సరిగ్గా రాలేదని నా అభిప్రాయం. ఇంకోటి, 'లో', 'హై' అంటే రెండు వేరు వేరు వేడులనుకుంటారు. చాలావాటిలో చివరికి రెండూ మరుగుకు దగ్గరగా అదే వేడికి చేరతాయి, 'లో' కాస్త ఆలస్యంగా చేరుతుంది, అంతే.

మూత గాజుదే కావాలి. అది నా కోసం కాదు, మా అమ్మ కోసం. ఉడికిందో లేదో అని అటు పోతూ ఒకసారి, ఇటు వస్తూ ఒకసారి తీసి చూస్తుంది. తీసిన ప్రతిసారీ ఇరవై ముప్పై నిమిషాలు వెనక్కి పోయినట్టే. గాజైతే బయటి నుంచే చూస్తుందని ఆశ.

నువ్వక్కడ రాజ్మా వేస్తున్నానన్నావు కదా, ఒక మాట. నానబెట్టిన గింజల్ని ముందు పొయ్యి మీద కనీసం పది నిమిషాలు గలగలా మరిగించి, ఆ నీళ్లు పారబోసి, తర్వాతే కుకర్‌లో వెయ్. పచ్చి రాజ్మాలో ఉండే విషం తక్కువ వేడికి చావదు. కడుపు పట్టుకుని కూర్చోవాలి.

హలీం చేస్తావా అని అడిగావు. గోధుమరవ్వా మాంసమూ ఇందులో బ్రహ్మాండంగా ఉడుకుతాయి, కానీ దంచేదెవరు? హోటల్ భట్టీ పొయ్యి దగ్గర ఇద్దరు మనుషులు కర్ర ఘోట్నాలతో దంచితే గానీ ఆ సాగుడు రాదు. పప్పుగుత్తితో నా భుజం పోయినా అది రాలేదు. హైదరాబాద్ హలీంకు 2010లో జీఐ ట్యాగ్, అంటే ఇది ఫలానా ఊరిదేనన్న గుర్తింపు, ఊరికే ఇచ్చారా? హలీం బయటే తిందాం. ఇంట్లో పాయా నా బాధ్యత.

ఈ ఆదివారం కొనేస్తా. తెచ్చిన రోజే మాంసం వేయను. సగానికి పైగా మామూలు నీళ్లు పోసి, 'లో' మీద ఎనిమిది గంటలు ఉంచి, మూత తీసిన వెంటనే వేడి చూడాలి. 85 డిగ్రీలైనా రాకపోతే వెంటనే వాపసు. దీనికి మంచి థర్మామీటర్ కావాలి. ఏదో ఒకటి తేకపోతే నీకు నిద్ర పట్టదు కాబట్టి అది తే, వోల్టుల గొడవ లేకుండా బ్యాటరీతో నడిచేది. కాకపోతే సెల్సియస్‌లో చూపించేది చూసి తీసుకో. ఫారెన్‌హీట్ లెక్కలు నావల్ల కాదు.

ఉంటాను మరి,
నీ మామ