బస్టాపు జరిపే ముందు బస్సెక్కేవాళ్లను అడగరా?

సంపాదకుడు గారికి,

మా చౌరస్తా బస్టాపును ముందుకు జరపడాన్ని స్థానికులు స్వాగతించారని గతవారం నగర పేజీలో రాశారు. ఆ స్థానికులెవరో విచారించి రాయాల్సింది. కాలనీ సంఘం సమావేశంలో గట్టిగా మాట్లాడినవాళ్లకు కార్లున్నాయి, లేదా స్టాపు ముందు దుకాణాలున్నాయి. రోజూ బస్సెక్కే నర్సులు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, కాలేజీ పిల్లలు అంతా ఆ వేళకు పనుల్లో ఉన్నారు. వాళ్ల మాట ఎవరు విన్నారు?

చౌరస్తాలో బస్సు ఆగితే ఎడమకు తిరిగే బండ్లు చిక్కుకుపోతాయి, నిజమే. కానీ జరిపిన చోటు చూశారా? ట్రాన్స్‌ఫార్మర్ పక్కన, మూత పగిలిన నాలా అంచున ఒక ఇనుప స్తంభం పాతి చేతులు దులుపుకున్నారు. నీడ లేదు, దీపం లేదు, కూర్చునే బల్ల లేదు. షెల్టరు పాత చోటే ఉంది. దాని మీద నగల దుకాణం ప్రకటన రాత్రంతా వెలుగుతోంది, కింద స్కూటర్లు పెట్టుకుంటున్నారు. కొత్త చోట అంచు పొడవునా ఆటోలుంటాయి కాబట్టి బస్సు నడిరోడ్డు మీదే ఆగుతోంది. మొన్న ఒక పెద్దావిడ, ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో ఆస్పత్రి ఫైలుతో ఆటోల సందులోంచి వెళ్లి మెట్టు మీద కాలు పెట్టేలోపే బస్సు కదిలింది. వెనకున్న కుర్రాడు బస్సును బాది ఆపకపోతే ఆవిడ చక్రాల కింద పడేది.

అడిగితే ఒకరి మీద ఒకరు చెబుతారు. స్టాపు ట్రాఫిక్ వాళ్లు నిర్ణయించారట, షెల్టరు నగరపాలక సంస్థదట, బస్సులవాళ్లు చెప్పిన చోట ఆపుతారట. 1988 మోటారు వాహనాల చట్టం 117వ సెక్షన్ వాహనాలు ఆగే చోట్లను స్థానిక సంస్థను సంప్రదించి నిర్ణయించమంటోంది. ప్రయాణికులను అడగమని అందులో లేకపోవచ్చు, అడగవద్దని మాత్రం ఎక్కడా లేదు. బస్టాపుల్లో దివ్యాంగులకు సదుపాయాలు ఉండాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతోంది. ఇక్కడ కాలు మోపడానికి చదునైన నేలే లేదు!

2023 డిసెంబరు 9న ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలయ్యాక ఆడవాళ్లతో బస్సులు, స్టాపులు నిండిపోతున్నాయి. జీరో టికెట్ ఇస్తే సరిపోతుందా? బస్సు వచ్చేదాకా వాళ్లు ఎక్కడ నిలబడాలి? ఈ నగరంలో ఫ్లైఓవర్లకు ఉన్న శ్రద్ధ ఫుట్‌పాత్‌లకు లేదు. పెద్ద అధికారులెవరూ బస్సెక్కరు, అసలు జబ్బు అదే.

షెల్టరును కొత్త చోటుకు తెచ్చి, నాలా మూత వేసి, దీపం పెట్టి, ఆటోలను అక్కడ నిలవనివ్వకుండా చేస్తే మాకు అభ్యంతరం లేదు. అంతవరకు బస్సులను పాత చోటే ఆపాలి. ఈసారి సమావేశం ఆదివారం పెట్టి బస్సెక్కేవాళ్లను పిలవాలి. మీ విలేకరిని కూడా ఒక ఉదయం ఎనిమిదిన్నరకు ఇక్కడికి పంపండి. స్థానికులు ఏమంటున్నారో అప్పుడు రాయండి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, హైదరాబాద్