మా పిల్లవాడి కాగితం వచ్చిందా?

కనిగిరి,
ఆదివారం రాత్రి.

బంగారుతల్లికి,

నిన్న నీ ఫోను పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. ఏడు వైద్య కళాశాలల విద్యార్థి పరిశోధన వేదికకు నిన్ను కన్వీనరుగా ఎన్నుకున్నారని వినగానే, నాన్న ఉంటే ఎంత పొంగిపోయేవారో అనుకున్నాను. ఆ వెంటనే నీ గొంతులో అలసట వినిపించింది. 140 ఆబ్‌స్ట్రాక్టులు, అంటే పరిశోధనల సారాంశాలు, వచ్చాయన్నావు. సగం వాటిలో అసలు ప్రశ్నే లేదన్నావు. సర్టిఫికెట్ ఎప్పుడిస్తారన్న మాట తప్ప ఎవరి నోటా మరో మాట లేదన్నావు. చివరికి, "ఇది నా వల్ల అవుతుందా అమ్మా?" అని అడిగావు. అప్పుడు నాకు మాటలు కుదరలేదు. అందుకే కాగితం తీసుకున్నాను.

నేను పరిశోధకురాలిని కాను. 31 ఏళ్లు ఏఎన్‌ఎంగా, అంటే ఊరి నర్సుగా, ఊళ్లు తిరిగిన దాన్ని. కానీ మీరు హాల్లో పోస్టరు మీద చూసే పరిశోధన ఊళ్లో ఎవరి గడప ముందు మొదలవుతుందో నాకు తెలుసు. నీకు ఎన్నడూ పూర్తిగా చెప్పని సంగతి ఒకటి ఉంది. ఇప్పుడు చెబుతాను.

నువ్వు ఒకటో తరగతిలో ఉన్న ఏడాది ఒక పట్నం నుంచి కొందరు వైద్య విద్యార్థులు, వారి గైడుగారు జీపులో మా సబ్‌సెంటరుకు వచ్చారు. నీళ్లలో ఎక్కువైన ఫ్లోరైడు, దానివల్ల పాడయ్యే పిల్లల పళ్లు, ఎముకలు, ఇవీ వారు చూడదలచినవి. రెండు రోజులు ఉన్నారు. ముందు నేను, వెనక వారు. ఇంటింటికీ వెళ్లి పిల్లలను నిలబెట్టి, మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు అందుకోమన్నారు, గడ్డం గుండెకు ఆనించమన్నారు, చేతులు మడిచి తల వెనక పెట్టమన్నారు. అంతవరకు పిల్లలకు ఆటలాగే ఉంది. మూత్రం సీసాలో పట్టివ్వమన్నప్పుడు, రక్తం తీస్తామన్నప్పుడు తల్లులు వెనకాడారు. "నర్సమ్మా, నువ్వు చెప్పావు కాబట్టి ఇస్తున్నాం" అన్నారు. బోర్ల నీళ్లు కూడా సీసాల్లో పట్టుకున్నారు. వెళ్లేటప్పుడు, "నెల రోజుల్లో రిపోర్టు పంపిస్తాం, మీరే అందరికీ చెప్పండి" అని నాకు అప్పగించారు. నేను ఆ మాట ప్రతి ఇంట్లోనూ చెప్పాను.

ఆ రిపోర్టు రాలేదు.

తొమ్మిదేళ్ల కొడుకు ఉన్న ఒక తల్లి ప్రతి బుధవారం టీకాల దగ్గరకు వచ్చి, "నర్సమ్మా, మా పిల్లవాడి కాగితం వచ్చిందా?" అని అడిగేది. ఆ పిల్లవాడి పళ్ల మీద గోధుమరంగు గీతలు ఉండేవి. బడిలో తోటివాళ్లు వెక్కిరిస్తారని నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వేవాడు. మొదట్లో "వస్తుందమ్మా" అన్నాను. తర్వాత "కనుక్కుంటాను" అన్నాను. రెండు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. ఏడాది దాటాక ఎప్పుడో ఆమె అడగడం మానేసింది. అడుగుతున్నన్నాళ్లూ తప్పించుకోగలిగాను. ఆమె ఏమీ అడగకుండా చంటిపిల్లకు టీకా వేయించుకుని వెళ్లిపోయిన రోజున తలెత్తలేకపోయాను. ఆ తర్వాత వానాకాలంలో జ్వరాలు వచ్చి మలేరియా పరీక్షకు రక్తపు పూతలు తీయడానికి వెళ్తే, ఆ వీధిలో మూడు తలుపులు తెరుచుకోలేదు.

ఇంకొక బాధ కూడా ఉంది. విరేచనాల భయంతో నీళ్లు కాచి తాగమని ఊరంతా చెప్పేదాన్ని నేనే. కాచితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది కూడా. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్న సంగతి నాకు తెలుసు. మా బోర్లలో ఏది మించిందో, ఏది మించలేదో మాత్రం తెలియదు. ఆ సీసాలు పట్టుకెళ్లినవారికి తెలుసు. "బడి దగ్గర బోరు నీళ్లు వంటకు, తాగడానికి వద్దు, గుడి దగ్గరవి పరవాలేదు" అని ఒక్క పోస్టుకార్డు రాస్తే చాలు, నా చేతులతోనే బిందెలు మళ్లించేదాన్ని. రక్షిత నీటి పథకం వచ్చేదాకా ఇంకా ఎన్నో ఏళ్లు ఆ నీళ్లే తాగాం.

ఆ విద్యార్థులు చెడ్డవారు కారు, తల్లీ. మే నెల ఎండలో గొడుగులేకుండా తిరిగారు. నీకు బిస్కెట్లు కూడా కొనిపెట్టారు. వారి పరిశోధనను ఏదో ఒక సభలో చదివే ఉంటారు, చప్పట్లు కొట్టే ఉంటారు. ఆ సభ నడిపినవారిలో ఒక్కరైనా లేచి "ఈ సంగతి ఆ ఊరికి చెప్పారా?" అని అడిగి ఉంటే, వాళ్లు తప్పకుండా చెప్పి ఉండేవారని నా నమ్మకం. అడిగేవారు లేకపోయారు. ఇప్పుడు ఆ సభ నడిపే కుర్చీలో నువ్వున్నావు.

నీ ప్రారంభోపన్యాసం ముసాయిదా రెండుసార్లు చదివాను. 1869లో బెర్లిన్‌లో విద్యార్థిగా ఉన్న లాంగర్‌హాన్స్ క్లోమంలో కణాల దీవులను చూడడం, 1916లో జాన్స్ హాప్కిన్స్‌లో చదువుకుంటున్న జే మెక్‌లీన్ గమనించిన పదార్థమే రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ మందుకు దారి తీయడం, అన్నీ చక్కగా రాశావు. చదువుతూ ఉండగానే గొప్ప పని చేయవచ్చని పిల్లలకు ధైర్యం వస్తుంది. కానీ ఆ నాలుగు పేజీల్లో ఒక్క రోగి లేడు. దాన్ని సరిచేయి.

సికింద్రాబాదు సంగతి చెప్పు. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడని మీకు పాఠంలో ఉంది. ఆ దోమలు ఎవరి రక్తం తాగాయి? హుసేన్ ఖాన్ అనే జ్వరపీడితుడిది. దోమకు ఒక అణా చొప్పున ఇచ్చి కుట్టించారు. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. హుసేన్ ఖాన్ జ్వరం తగ్గిందా, తన ఒంటి మీద ఏం తేలిందో అతనికి ఎవరైనా చెప్పారా అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

మన నేల సంగతి కూడా చెప్పు. భారతదేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్‌ను, అంటే ఈ ఫ్లోరైడు జబ్బును, వైద్య పత్రికలో మొదట వివరించింది 1937లో, అదీ మన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల గురించే. అప్పుడు ఇవన్నీ నెల్లూరు జిల్లాలో ఉండేవి. డాక్టర్లకన్నా ముందే రైతులు చూశారు. ఎద్దుల కీళ్లు బిగుసుకుపోయి కాడి కింద నడవలేకపోతున్నాయని గుర్తించింది వాళ్లే. మీ హాల్లో కూర్చునే గుంటూరు, ఒంగోలు, నెల్లూరు పిల్లల్లో ఎందరికి ఇది తెలుసు? పరిశోధనలో మొదటి గమనిక రైతుదని చెప్పడానికి నీకు ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

ఇక వేదిక నడపడం గురించి. నువ్వు అడిగావు కాబట్టి నాకు తోచినవి చెబుతాను, మిగిలినవి మీ సార్లను అడుగు.

సర్టిఫికెట్ కోసం వచ్చేవారిని చిన్నచూపు చూడకు. దరఖాస్తులో ఒక వరుస పెరుగుతుందని వచ్చినా, ఇల్లు విడిచి ఒక పూట నీ దగ్గర కూర్చుంటాడు కదా. ఆ పూటలో ప్రశ్న అడగడం నేర్పు. ఐసీఎంఆర్, అదే భారత వైద్య పరిశోధన మండలి, 1979 నుంచి ఎంబీబీఎస్ పిల్లలకు రెండు నెలల పరిశోధనకు స్టైపెండ్ ఇస్తున్నదని నువ్వే చెప్పావు. రెండు నెలల్లో ఎంత పని అవుతుందో అంత ప్రశ్నే అడగాలి. ఓపీ చీటీ మీద రాసిన మందు ఎప్పుడు వేసుకోవాలో గేటు దాటేసరికి రోగికి ఎంత గుర్తుంటుంది? ఇది ఒక విద్యార్థి తన కాళ్ల మీద నిలబడి చేయగల పని. అలాంటి ఆబ్‌స్ట్రాక్టు ఒకటి వచ్చిందన్నావు, రెండో రోజు మధ్యాహ్నానికి నెట్టామన్నావు. దాన్ని మొదటి రోజు ఉదయానికి తెచ్చుకో.

ఆబ్‌స్ట్రాక్టులు దిద్దేవారికి రాసినవారి పేరు, కళాశాల కనబడకుండా చేశారట, మంచిపని. ఎథిక్స్ కమిటీ అనుమతి తేదీ, వివరాల సేకరణ మొదలుపెట్టిన తేదీ, రెండూ పక్కపక్కన రాయించుకో. అనుమతి వెనక వచ్చి, సేకరణ ముందు జరిగి ఉంటే, ఎంత మెరుగైన పనైనా పక్కన పెట్టు. గొడవ చేస్తారు. చేయనీ. పేర్ల జాబితా దగ్గర కూడా గట్టిగా ఉండు. పని చేయని పెద్దల పేరు గౌరవం కోసం, పని చేయని స్నేహితుడి పేరు మొహమాటం కోసం చేర్చడం మీ దగ్గర మామూలేనన్నావు. ఎవరు ఏం చేశారో ఒక్కొక్కరి ఎదురుగా ఒక వాక్యం రాయమను. రాయడానికి వాక్యం దొరకని పేరు దానంతట అదే తప్పుకుంటుంది.

అనుకున్నది తేలని పనులకు కూడా ఒక గంట కేటాయించు. ఫలితం రాలేదని దాచుకుంటే, వచ్చే ఏడు మరో కళాశాలలో మరొకరు అదే ఊరికి వెళ్లి అవే సూదులు గుచ్చుతారు.

సమ్మతి పత్రం గురించి మాత్రం నన్ను కాస్త ఎక్కువ చెప్పనివ్వు, అది నేను చదివి వినిపించిన కాగితం. మీరు తయారుచేసే తెలుగు పత్రాలు చదివితే నాకే అర్థం కావు. "స్వచ్ఛంద భాగస్వామ్యమునకు సమాచారపూర్వక అంగీకారము" అంటే పొలం నుంచి వచ్చిన మనిషికి ఏం తెలుస్తుంది? "ఇది మీ ఇష్టం. వద్దంటే మేమేమీ అనుకోం. వద్దన్నా మీకు ఇచ్చే వైద్యంలో తేడా రాదు. మధ్యలో మానేయవచ్చు." ఈ నాలుగు ముక్కలు ఆ పత్రం నెత్తిన ఉండాలి. చదివి వినిపించాక వేలిముద్రకు తొందరపడకుండా, "ఇప్పుడు మీరు నాకు చెప్పండి" అని వారి నోట తిరిగి చెప్పించుకోవాలి. మీ వేదిక నుంచి ఒక నమూనా పత్రం తయారుచేసి ఏడు కళాశాలలకూ పంపు. అచ్చు వేసే ముందు మీ హాస్టల్లో వంటచేసే ఆవిడకు చదివి వినిపించు. ఆవిడ తిరిగి చెప్పగలిగితే అచ్చుకు ఇవ్వు.

ఇంకో సంగతి. మీకు ఊళ్లలో దత్తత కుటుంబాల కార్యక్రమం ఉంది కదా. మొదటి ఏడాది నుంచే ఆ ఇళ్లకు వెళ్తున్నారు. అంటే తిరిగి వెళ్లడానికి దారి, పలకరింపు, మంచినీళ్లిచ్చే చేయి, అన్నీ మీకు ఉన్నాయి. అప్పటి విద్యార్థులకు అవి లేవు. ఊళ్లో చేసిన పనికి ఆబ్‌స్ట్రాక్టుతో పాటు ఒక పేజీ తెలుగులో అడుగు: ఏం చూశాం, ఏం తేలింది, మీరేం చేయవచ్చు. ఆ పేజీ ఏ రోజు, ఎవరికి, ఎవరి సమక్షంలో చదివి వినిపించారో కింద అక్కడి ఏఎన్‌ఎం గాని, ఆశా గాని సంతకం చేయాలి. ఆ సంతకం లేని పనికి బహుమతి ఇవ్వనని ముందే ప్రకటించు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లో పరిశోధన ఫలం పాల్గొన్నవారికీ చేరాలని ఉన్నదని నువ్వు చదివి వినిపించిన రోజున నాకు కళ్లు చెమర్చాయి. ఎందుకని అడిగావు, చెప్పలేదు. ఇందుకే.

ఈ వేదిక రెండేళ్లకోసారి చచ్చి పుడుతోందన్నావు. నడిపేవారు హౌస్ సర్జన్సీకి, పీజీ పరీక్షకు వెళ్లిపోగానే అంతా మొదటికి వస్తుందట. రిజిస్టరు పెట్టు. నేను ఉద్యోగంలో చేరిన రోజున నా ముందు పనిచేసిన అక్క నాకు ఇచ్చినవి ఒక టీకాల పెట్టె, తొమ్మిది రిజిస్టర్లు. ఏ ఇంట్లో ఎవరు గర్భిణి, ఏ పిల్లకు ఏ టీకా బాకీ, అన్నీ ఆ రిజిస్టర్లలో ఉన్నాయి. మొదటి వారంలోనే ఊరు నాకు తెలిసినట్లయింది. నేను దిగిపోయినప్పుడు అలాగే అప్పగించాను. మీ ఏడు కళాశాలలవారు ఏ ఊళ్లో, ఏ బడిలో, ఏ ఏడాది, ఏ ప్రశ్నతో వెళ్లారో, జవాబు తిరిగి చెప్పారో లేదో, ఒక వరుసకు ఒక పని చొప్పున రాసుకుంటూ రా. జూనియర్లలో ఇద్దరిని ఇప్పటినుంచే పక్కన కూర్చోబెట్టుకో, అన్నీ నువ్వే చేయకు. చిన్నప్పుడు కూడా అంతే, ఇల్లంతా నీ చేత్తోనే ఊడవాలనేదానివి.

దూరపు కళాశాలల పిల్లలకు రిజిస్ట్రేషన్ రుసుము తగ్గించు. భోజనంలో స్వీటు మానేస్తే సరిపోతుంది. నువ్వు సరిగా తింటున్నావో లేదో అడిగితే విసుక్కుంటావు. అయినా అడుగుతున్నాను.

పోయిన నెల ఆ ఊరికి వెళ్లాను. ఆ తల్లి ఉంది. నడుం వంగింది, గడప దాటడానికి గోడ పట్టుకుంటోంది. ఆ పిల్లవాడు హైదరాబాదులో ఆటో నడుపుతున్నాడు. నువ్వు డాక్టరు చదువుతున్నావని చెబితే నా చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. కాగితం మాట ఎత్తలేదు. మీ సభలో ఊళ్లకు తిరిగి వెళ్లి చెప్పినవారు మాట్లాడే సమయం ఎప్పుడో ఖరారు చేసి నాకు రాయి. ఆమెను వెంటబెట్టుకుని వస్తాను. ఆమెకు బస్సు ప్రయాణం పడదు, ముందు వరుస సీటు చూడాలి, ఒంగోలులో దిగి కాసేపు పడుకోనివ్వాలి. హాల్లో మెట్లు లేని వైపు ద్వారం ఎటో కూడా కనుక్కుని ఉంచు.

ఆశీస్సులతో,
అమ్మ