కూర్చుని చేసే ఉద్యోగంలో ఉన్న మా చిన్నోడికి

చిన్నా,

నీ చెకప్ రిపోర్టు కోడలు ఫొటో తీసి పంపింది. తన మీద కోప్పడకు, నేనే అడిగి తెప్పించుకున్నా. మూడు నెలల సగటు షుగర్ చూపించే హెచ్‌బీఏవన్‌సీ 6.1 అని ఉంది. అది 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్‌కి ముందు దశ, 6.5 వస్తే షుగరే. ఫోన్‌లో "ఇంకా రాలేదు కదమ్మా" అన్నావు. రాలేదు నిజమే, కానీ మీ నాన్నకి నలభై దాటాక మొదలైంది, నీకు ముప్పై ఒకటికే గుమ్మం దాకా వచ్చింది. 2023లో మన దేశ వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ వాళ్ళు దేశమంతా చూసి, షుగర్ ఉన్నవాళ్ళు 10.1 కోట్లు, ముందు దశలో ఉన్నవాళ్ళు 13.6 కోట్లు అని తేల్చారు. ఆ పదమూడు కోట్లలో మా అబ్బాయి ఉన్నాడని ఆ కాగితం చూశాక రాత్రంతా నిద్ర పట్టలేదు. ఫోన్‌లో అయితే మీటింగ్ ఉందని పెట్టేస్తావు, అందుకే ఇదంతా కూర్చుని రాస్తున్నా, తీరిగ్గా చదువు.

నేను కండక్టర్‌ని, మీ నాన్న డ్రైవర్. ఒకే డిపో, ఒకే జీతాలు, ఒకే ఇంటి తిండి. నా పని ఎలా ఉండేదో నీకు తెలియంది కాదు. ఒంగోలు నుంచి అద్దంకి పల్లెవెలుగులో పండగ లోడ్ ఎక్కిందంటే మేదరమెట్ల రాకముందే టికెట్లన్నీ కొట్టేయాలి, భుజాన చిల్లర సంచి, చేతిలో టికెట్లు కొట్టే టిమ్ మిషన్, ముందు డోర్ నుంచి వెనక సీటు దాకా మనుషుల మధ్య నుంచి దూరుకుంటూ వెళ్ళి మళ్ళీ ముందుకి రావాలి, స్టాపు వస్తే దిగి కేకలేసి జనాన్ని ఎక్కించి, ముసలమ్మ మూట అందుకుని పైన పెట్టాలి. చెకింగ్ వాళ్ళు ఎక్కినా ఎక్కకపోయినా కాలు ఒకచోట నిలిచేది కాదు. మీ నాన్న అదే బస్సులో అదే ఎండలో నాకంటే ఎక్కువ టెన్షన్ పడుతూ నడిపేవాడు, కానీ సీటు దిగడానికి లేదు. డ్యూటీ అయ్యాక డోర్ రాడ్ పట్టుకుని, నడుం ఒక్క క్షణం నిలబెట్టుకుని గానీ అడుగు వేసేవాడు కాదు.

ఒకసారి నాన్నని గుండె పరీక్షకి తీసుకెళ్తే, మేమిద్దరం ఆర్టీసీ అని తెలిసి అక్కడి డాక్టర్ గారు లండన్ బస్సుల సంగతి చెప్పారు. ఆ తర్వాత నేనే దాని గురించి వెతుక్కుని చదివా. జెర్రీ మోరిస్ అని ఒక డాక్టర్, అక్కడి డబుల్ డెక్కర్ బస్సుల్లో పనిచేసే వేల మంది డ్రైవర్లనీ కండక్టర్లనీ పోల్చి చూసి 1953లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశాడు. కండక్టర్లు రోజుకి 500 నుంచి 750 మెట్లు ఎక్కేవాళ్ళు, డ్రైవర్లు డ్యూటీ అంతా కూర్చునే ఉండేవాళ్ళు. గుండె జబ్బులు కండక్టర్లకి బాగా తక్కువ, వచ్చినా పెద్ద వయసులో వచ్చేవి, ప్రాణం మీదికి రావడం కూడా తక్కువే.

నువ్వు వెంటనే, లావుగా ఉన్నవాళ్ళే డ్రైవర్లుగా చేరారేమో అంటావు, నాకు తెలుసు. ఆయనకీ అదే అనుమానం వచ్చింది. అందుకని వాళ్ళ యూనిఫాం కొలతల రికార్డులు తెప్పించి నడుం చుట్టుకొలతలు చూశాడు. నిజంగానే డ్రైవర్ల ప్యాంట్లు చిన్న వయసు నుంచే పెద్ద సైజు. మరి తేడా అంతా దానివల్లేనా అంటే, ఆయన అంతకుముందే పోస్టాఫీసు వాళ్ళని కూడా చూశాడు. అక్కడ కూడా నడుస్తూ, సైకిల్ మీద తిరుగుతూ ఉత్తరాలు పంచేవాళ్ళకి, లోపల బల్లల దగ్గర కూర్చునే గుమాస్తాలకంటే గుండె జబ్బులు తక్కువే. తర్వాత ఎందరో ఎన్నో రకాలుగా పరీక్షించినా ఇదే వచ్చింది. మోరిస్ గారు తనూ వ్యాయామం మానకుండా 99 ఏళ్ళు బతికి 2009లో పోయారు.

నాకు కదలడానికి విడిగా టైం కావాల్సి రాలేదు, నా పనే నన్ను కదిలించింది. నీ పని నిన్ను కదలనివ్వదు. లిఫ్ట్‌లో దిగి క్యాబ్ ఎక్కి, ఆఫీసులో మళ్ళీ లిఫ్ట్ ఎక్కి, తొమ్మిది గంటలు కుర్చీలో ఉండి, ఇంటికొచ్చి సోఫాలో ల్యాప్‌టాప్ పెట్టుకుంటావు. కూరగాయలు కూడా గుమ్మంలోకే వస్తాయి. ఇందులో నీ బద్ధకం ఏం లేదు, రాత్రి రెండింటికి కాల్స్ తీసుకునేవాడిని బద్ధకస్తుడని ఎవరంటారు. కానీ ఆ ఉద్యోగంలో లేని కదలిక నువ్వే తెచ్చి పెట్టుకోవాలి.

ఆదివారం క్రికెట్ ఆడుతున్నా కదా అన్నావు. ఆడు, మానకు. కానీ ఒకసారి ఒళ్ళు వంచితే కండలు చక్కెరని బాగా వాడుకునే గుణం ఒకటి రెండు రోజులే ఉంటుంది. అందుకే డాక్టర్లు వరసగా రెండు రోజులకి మించి ఖాళీ వదలొద్దంటారు. ఆదివారం ఆట మంగళవారం దాకా కాస్తుంది, మిగతా వారం సంగతేంటి?

నీకు అన్నిటికంటే పనికొచ్చేది అన్నం తిన్నాక నడవడం. తిన్న గంటలో రక్తంలో చక్కెర పైకి పోతుంది, అప్పుడు కాళ్ళ కండలు కదులుతుంటే ఇన్సులిన్ సాయం లేకుండా కూడా అవి ఆ చక్కెరని లాక్కుంటాయి. క్యాంటీన్‌లో తిని నేరుగా సీట్లోకి పోకుండా పది పదిహేను నిమిషాలు బిల్డింగ్ చుట్టూ తిరిగి రా. రాత్రి కూడా అంతే, కోడల్ని తీసుకుని సెల్లార్‌లోనో టెర్రస్ మీదో నడువు. రోడ్డు మీద నడవమని నేననను, మీ కొండాపూర్ ఫుట్‌పాత్‌ల మీద మనిషి నడిచే చోటెక్కడుంది, అన్నీ బండ్లే. సెలవు రోజు పొద్దున్నే అయితే కొత్తగూడ బొటానికల్ గార్డెన్ దగ్గరే కదా.

పగలు అరగంటకో ముప్పావు గంటకో ఒకసారి లే. నువ్వు మాట్లాడక్కర్లేని కాల్స్ బోలెడు ఉంటాయి, అవన్నీ చెవిలో పెట్టుకుని తిరుగుతూ విను. నీళ్ళ సీసా బల్ల మీద పెద్దది పెట్టుకోకు, చిన్నది పెట్టుకుంటే నింపుకోవడానికైనా లేస్తావు. నిలబడి పనిచేసే బల్ల ఒకటి కొంటానన్నావట, డబ్బులు పెట్టేముందు నా మాట విను. ఊరికే కదలకుండా నిలబడితే రక్తం కాళ్ళలోనే దిగిపోతుంది, మా తోటి కండక్టర్లలో పిక్కల మీద నరాలు ఉబ్బినవాళ్ళు ఎంతమందో నేను చూశా. పిక్కల కండ బిగిసి వదిలితేనే రక్తం పైకి పోతుంది. నిలబడటం కాదు, అడుగులు పడాలి.

వారానికి 150 నుంచి 300 నిమిషాలు కాస్త వేగంగా నడవాలని, రెండు రోజులైనా కండలకి పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. వేగం అంటే పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అంతే. కండలకి జిమ్ము ఫీజు కట్టక్కర్లేదు, మీ తాతయ్య తీసిన బస్కీలు, దండీలు చాలు. బస్కీలు మాత్రం వదలకు, తొడ కండలు పెద్దవి, చక్కెర ఎక్కువ వాడేది అవే. మోకాలు నొప్పి పుడితే కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడంతో మొదలుపెట్టు.

రోజుకి ఎనిమిది గంటలు పైగా కూర్చునేవాళ్ళలో ఆ కూర్చోవడం వల్ల పెరిగే ముప్పు, రోజూ ఓ గంట, గంటంబావు ఒళ్ళు కదిలించేవాళ్ళలో దాదాపు కనిపించలేదని పది లక్షల మందికి పైగా లెక్కలు కలిపి 2016లో రాశారు. అంత టైం నీకు ఒక్కసారిగా దొరకదు. ముక్కలు ముక్కలుగా చేసినా లెక్కలోకి వస్తుంది.

ఇంకొకటి, నడుం కొలిపించుకో. మనవాళ్ళలో మగాళ్ళకి 90 సెంటీమీటర్లు దాటకూడదంటారు. బరువు బాగానే ఉందని మురిసిపోకు, కాళ్ళూ చేతులూ సన్నగా ఉండి పొట్ట ఒక్కటే రావడం మన ఇళ్ళల్లో మామూలే.

పండక్కి వచ్చేటప్పుడు నీ బూట్లు తెచ్చుకో, పొద్దున్నే మినీ స్టేడియం దాకా ఇద్దరం వెళ్దాం, మీ నాన్న కూడా నెమ్మదిగా వస్తానంటున్నాడు. ఆ హెచ్‌బీఏవన్‌సీ పరీక్షలో కనపడేది మూడు నెలల సగటు కాబట్టి వచ్చే వారమే మళ్ళీ చేయించి ఏం లాభం లేదు. మూడు నెలలు ఇలా చేసి, అప్పుడు చేయించి కాగితం నువ్వే నాకు వాట్సాప్‌లో పెట్టు, కోడలితో పెట్టించకు.

అమ్మ