గిరి ప్రదక్షిణ రాత్రి మా ఇంటి తాళం: పోలీసు ఉన్నతాధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సార్ గారికి నమస్కారం.

మా ఇంట్లో జరిగిన దొంగతనం గురించి మూడుసార్లు అర్జీ ఇచ్చినా జవాబు రాలేదు కాబట్టి నలుగురూ చూసేలా రాస్తున్నాను, తప్పుగా అనుకోకండి.

ఆషాఢ పౌర్ణమి ముందు రాత్రి విశాఖలో సగం ఊరు సింహాచలం గిరి ప్రదక్షిణలోనే ఉంటుంది కదా సార్, మేమూ 32 కిలోమీటర్లు నడిచి కాళ్లీడ్చుకుంటూ తెల్లారి ఇంటికొస్తే వెనక తలుపు గడియ విరిచి ఉంది. బీరువా ఖాళీ. బంగారం సంగతి అటుంచండి, అమ్మ ఇప్పటికీ వంటింట్లో గిన్నె కదిలితే లేచి కూర్చుంటోంది, పిల్లి అన్నా నమ్మదు.

ఊరెళ్లేముందు ఎల్‌హెచ్‌ఎంఎస్ (తాళం వేసిన ఇళ్ల మీద పోలీసు నిఘా) యాప్‌లో అడిగితే పోలీసులే వచ్చి కెమెరా పెడతారని, తాళం వేసిన ఇంట్లో ఎవరైనా కదిలితే కంట్రోల్ రూమ్‌కి అలర్ట్ వెళ్తుందని మాకు దొంగతనం జరిగాకే తెలిసింది. మా వీధిలో అడిగి చూశాను, ఒక్కరికీ తెలియదు.

ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకి ఉచితంగా ఇవ్వాలని బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం) 173వ సెక్షన్ చెబుతోంది, మాది ఈ వారంలోనే ఇప్పించండి. వచ్చే ప్రదక్షిణకు ముందే ఆ కెమెరాల గురించి వీధుల్లో మైకులో చెప్పించండి. ఆ రాత్రి గస్తీ కొండచుట్టూ రోడ్డు మీదే కాదు, తాళాలు వేసి ఉన్న సందుల్లోనూ తిప్పించండి.

ఇట్లు,
ఒక విశాఖవాసి